మురికి కావలెను

ఆ శుక్రవారం పొద్దున్న లాండ్రీ ఆయనకు పని లేకుండా పోయింది. షాపులో బాయిలర్ మొరాయించింది. మెకానిక్ సాయంత్రం దాకా రాలేనన్నాడు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారితే మరకలతో కుస్తీ పట్టే మనిషికి చేతులు కట్టుకుని సోఫాలో కూర్చోవడమంటే జైలుశిక్షే. పేపరు చదివాడు. చదివిన పేపరును అంచులు కలిపి నాలుగు మడతలు పెట్టాడు. మడతలు నచ్చక విప్పి మళ్ళీ పెట్టాడు. ఇక ఏమీ తోచక ఇల్లంతా కలయజూస్తుంటే, ఆ చూపు వెళ్ళి హాల్లో గోడవారగా ఉన్న మావగారి చేపల తొట్టె మీద వాలింది.

మావగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయన ఇంటికి రంగులు వేయిస్తున్నారు. రంగుల ఘాటు చేపలకు పడదని, మూడు వారాలపాటు తొట్టెను కూతురింట్లో పెట్టి, తను మాత్రం తమ్ముడింట్లో దిగారు. మావా అల్లుళ్ళు ఒకే కప్పు కింద రెండు రోజులకు మించి ఉంటే మూడో రోజు ఇద్దరిలో ఒకరికి తలనొప్పి వస్తుందని ఆ కుటుంబంలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే.

తొట్టె దింపిన రోజున ఆయన మూడే ముక్కలు చెప్పారు. "రోజుకి ఒక్కసారే మేత. నీళ్ళు ఇరవై ఆరు డిగ్రీలు. మిగతాదేదీ ముట్టుకోవద్దు." అల్లుడు పక్కనే నిలబడి ఉన్నా, చెప్పింది కూతురికే. అయినా పన్నెండేళ్ళ కాపురంలో మావగారు తమ గడప లోపల వదిలి వెళ్ళిన మొదటి వస్తువు అది. అల్లుడికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పటినుంచి రోజూ ఉదయం సరిగ్గా ఎనిమిదికి ఫోను మోగేది.

"ఎంత?"

"ఇరవై ఆరు, మావయ్యగారూ."

"పెద్దమ్మాయి?"

"తిరుగుతోందండీ."

ఫోను పెట్టేసేవారు. పెద్దమ్మాయి అంటే తొట్టెలో ఉన్న తొమ్మిది చేపల్లోకీ పెద్దది. వెండిరంగు ఒంటి మీద నల్లచారలతో, పొడుగాటి రెక్కలతో ఠీవిగా తిరిగే ఏంజెల్ చేప. "నేను ఒక్కగానొక్క కూతుర్నని గర్వపడేదాన్ని. ఆ చేప వచ్చాక రెండోదాన్నయ్యాను" అని లెక్కల టీచరైన భార్య ఎవరితో అన్నా నవ్వుతూనే అనేది.

శుక్రవారం ఆమె స్కూలుకు వెళ్ళిపోయింది. లాండ్రీ ఆయన తొట్టె దగ్గరకు వెళ్ళి వంగి చూశాడు. నీళ్ళు బాగానే ఉన్నాయి. వెనకాల చిన్న డబ్బాలాంటి ఫిల్టరు సన్నగా గుర్రుమంటోంది. ఊరికే మూత తీశాడు.

లోపల స్పాంజి కనిపించింది. అది ఒకప్పుడు ఏ రంగుదో చెప్పడం కష్టం. ఇప్పుడు మాత్రం గోధుమరంగులో, జిగురుజిగురుగా, వేలితో నొక్కితే బురద కక్కుతోంది.

"అమ్మ బాబోయ్!" అన్నాడు పైకే. నీళ్ళు శుభ్రం చేసే స్పాంజే ఇంత దరిద్రంగా ఉంటే నీళ్ళెలా శుభ్రపడతాయి? మావగారికి పెద్దతనం వచ్చింది పాపం, కళ్ళు ఆనట్లేదు. ఆదివారం సాయంత్రం ఆయన వచ్చి తొట్టె తీసుకెళ్ళేటప్పటికి కొత్తదానిలా తళతళలాడాలి. అప్పుడైనా ఆ మనిషి నోటినుంచి ఒక మంచి మాట రాకపోతుందా?

'వేడినీళ్ళకు లొంగని మురికి లేదు' అన్నది ఆయన షాపు బోర్డు మీద రాయించుకున్న మాట. గిన్నెలో నీళ్ళు తెర్లేదాకా మరిగించాడు. అందులో బట్టలసబ్బు పొడి రెండు చెంచాలు వేసి, స్పాంజిని ముంచి, పావుగంట ఉంచి, పిండి, జాడించి, మళ్ళీ పిండాడు. చివరికి అది పాలనురుగులా తేలింది. ఆ ఊపులోనే తొట్టెలోంచి రెండు బకెట్ల నీళ్ళు తోడేసి పంపునీళ్ళు నింపాడు. చేపలకు వెచ్చదనం ఇచ్చే హీటరు వైరు చేతికి అడ్డం వస్తుంటే పీకి పక్కన పెట్టాడు. పనిలో పనిగా తొట్టె పక్కనున్న కర్టెన్‌కి ముడతలు కనిపించాయి. ఖాళీ అయిన ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి కర్టెన్ ఇస్త్రీ చేశాడు. ఆ తర్వాత స్విచ్చి ఆపాడు కానీ, ప్లగ్గులో ఇస్త్రీపెట్టె వైరు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం భార్య వచ్చి, "నీళ్ళేంటి, అద్దంలా మెరుస్తున్నాయి?" అంది.

"చెయ్యి పడింది మరి. మీ నాన్నకి చెప్పకు. ఆయనే చూసి మెచ్చుకోవాలి."

శనివారం ఎనిమిదింటికి ఫోను మోగింది. తొట్టె అద్దానికి అంటించి ఉన్న థర్మామీటరు వంక కూడా చూడకుండా "ఇరవై ఆరు, మావయ్యగారూ" అన్నాడు. ఇన్నాళ్ళుగా మారని అంకె ఇవాళ మాత్రం ఎందుకు మారుతుంది?

ఆదివారం కూడా అలాగే అన్నాడు. అంటూ అంటూ తొట్టె వైపు తిరిగాడు.

"సాయంత్రం నాలుగింటికి వస్తాను. తొట్టె పట్టుకెళ్ళడానికి బండి మాట్లాడాను," అంటున్నారు అవతల మావగారు. "పెద్దమ్మాయి?"

నీళ్ళు గంజి కలిపినట్టున్నాయి. ఆ గంజిలో, పైన అంచు దగ్గర, తొమ్మిది నోళ్ళు వరసగా తెరుచుకుని మూసుకుంటున్నాయి. వాటిలో పెద్ద నోరు పెద్దమ్మాయిది.

"మాట్లాడుతోందండీ," అన్నాడు లాండ్రీ ఆయన.

"ఏమిటీ?"

"తిరుగుతోందండీ, తిరుగుతోంది!" అని ఫోను పెట్టేసి, "ఇదిగో, ఒకసారి ఇలా రా!" అని కేక వేశాడు.

భార్య తడిచేత్తో పరిగెత్తుకొచ్చింది. థర్మామీటరు చూసింది. "ఏవండీ, ఇరవై ఒకటి ఉంది! హీటరేదీ?" అంటూ వైరు పట్టుకుని పోతే, ఒక కొస హీటరు దగ్గర, రెండో కొస గాల్లో. ప్లగ్గులో ఇస్త్రీపెట్టె.

"చల్లబడిపోయాయన్న మాట! అంతేనా? హడలగొట్టావు కదే," అని లాండ్రీ ఆయన వంటింట్లోకి దూరాడు. ఆమె హీటరు వైరు ప్లగ్గులో పెట్టి లేచేలోపల ఆయన కెటిల్ నిండా వేడినీళ్ళు తెచ్చి తొట్టెలో పోసేశాడు. రెండో కెటిల్ కూడా పోశాడు. మూడోది ఎత్తబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తున్నారు? చేపల్ని వండుతారా?"

థర్మామీటరు ఇరవై తొమ్మిది దాటింది. చేపలు అంతవరకూ తాపీగా నోరు తెరుస్తున్నవి కాస్తా ఇప్పుడు బస్సు వెనక పరిగెత్తే మనుషుల్లా ఎగశ్వాస తీయసాగాయి. పెద్దమ్మాయి ఒక పక్కకు ఒరిగింది.

ఆమె ఇంక మొగుడితో వాదించలేదు. తొట్టె అద్దం మీద కింది అంచున అంటించి ఉన్న చేపల షాపు నంబరుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. షాపావిడ గొంతు గలగలలాడుతూ వినిపించింది. ఆమె అక్కగారి ఊళ్ళో ఉందట, షాపు మంగళవారం దాకా తియ్యదట. అయినా విషయం అంతా ఓపిగ్గా విన్నది. స్పాంజిని మరిగించిన ఘట్టం వచ్చేసరికి మాత్రం అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

"హలో?" అన్నాడు లాండ్రీ ఆయన.

"ఉన్నానండీ," అంది ఆవిడ. "మీరు కడిగింది మురికి కాదండీ. వాళ్ళు పనివాళ్ళు."

"పనివాళ్ళా?"

"కంటికి కనపడని సూక్ష్మజీవులండీ. కోట్లమంది ఉంటారు ఆ స్పాంజిలో. చేపలు వేసిన చెత్త విషంగా మారకుండా తినేసేది వాళ్ళే. నీళ్ళు వెచ్చగా ఉంటే చకచకా పనిచేస్తారు, చల్లబడితే ముసుగుతన్ని పడుకుంటారు. మీరు వాళ్ళని..."

"మరిగించాను," అన్నాడు నీరసంగా.

"సబ్బు కూడా వేశారు," అని అందించింది భార్య.

"పోనీ, బతికినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళని రెండు రోజులు చలిలో ఉంచారు. ఇప్పుడేమో వేడినీళ్ళు పోశారు. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో గాలి తగ్గిపోతుందండీ. అసలే ఊపిరాడక కొట్టుకుంటున్నాయి, గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు..."

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అంది భార్య.

"ఇవాళ మేత వెయ్యకండి. పావు వంతు నీళ్ళు మార్చండి, ఇరవై ఆరు దగ్గర ఉండేట్టు కలుపుకుని పొయ్యండి, చన్నీళ్ళు దబాలున గుమ్మరించకండి. ఫిల్టరు గొట్టం నీళ్ళపైకి ఎత్తిపెట్టండి, ధార పడి గాలి కలుస్తుంది. అది సాయంత్రం దాకా ఆదుకుంటుంది. ఆ తర్వాత మాత్రం మీకు పనివాళ్ళు కావాలి. బాగా నడుస్తున్న పాత తొట్టెలోంచి మురికి స్పాంజి ఒక ముక్క తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది."

ఫోను పెట్టేశాక భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మురికి," అన్నాడు లాండ్రీ ఆయన, జీవితంలో మొదటిసారి ఆ మాట వింటున్నవాడిలా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాళ్ళుండే మూడంతస్తుల భవనంలో ఆయన శుభ్రత కమిటీ కార్యదర్శి. నెలకోసారి జేబులోంచి ఇస్త్రీ చేసిన తెల్లరుమాలు తీసి మెట్ల కమ్మీల మీద, కిటికీ అంచుల మీద రాసి చూసేవాడు. రుమాలు నల్లబడితే ఆ అంతస్తువాళ్ళ పేరు నోటీసుబోర్డు ఎక్కేది. అందుకే భవనంలో అందరూ ఆయన్ని వెనకాల 'తెల్లరుమాలు' అనేవారు. ముందర కూడా ఒకరిద్దరు నోరు జారిన సందర్భాలున్నాయి.

కింది అంతస్తులో టైలరుకు చేపల తొట్టె ఉంది. లాండ్రీ ఆయన ఆదరాబాదరాగా ఆయనకు ఫోను కలిపాడు.

"టైలరుగారూ, మీ ఇంట్లో చేపల తొట్టె ఉంది కదా. దాని స్పాంజి ఎలా ఉంది? బాగా మురికిగా ఉందా?"

అవతల గుటక మింగిన చప్పుడు. "లేదండీ! అబ్బే, అస్సలు లేదండీ!"

"దాచకండి. నాకు నిజం కావాలి. ఇదిగో, పది నిమిషాల్లో వచ్చి నేనే చూస్తాను."

పావు వంతు నీళ్ళు మార్చి, గొట్టం ఎత్తి, ఆయన కిందికి వెళ్ళేసరికి టైలరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మోచేతులదాకా నురగ. వెనకాల ఆయన భార్య తువ్వాలు పట్టుకుని రొప్పుతోంది. టైలరు రెండు చేతులతో ఒక పళ్ళెం ముందుకు చాపాడు. అందులో తెల్లగా, మల్లెపువ్వులా, స్పాంజి.

"చూడండి సార్! ఎక్కడైనా మచ్చ ఉంటే మీ చెప్పు, నా చెంప. వేడినీళ్ళలో రెండుసార్లు ఉడకబెట్టాం."

లాండ్రీ ఆయన మొహం పాలిపోయింది. "రెండుసార్లా?" అన్నాడు.

"చాలలేదా సార్?" టైలరు గాభరాపడ్డాడు. "ఏమే, ఇంకోసారి పొయ్యి మీద పెట్టు!"

"వద్దు, వద్దు!" అని లాండ్రీ ఆయన తల పట్టుకుని మెట్లమీదే కూలబడ్డాడు. టైలరు భార్యకు అది చూసి గుండె జారిపోయింది. స్పాంజి ఇంత తెల్లగా ఉన్నా ఈ మనిషి ఇంత బాధపడుతున్నాడంటే, ఈసారి తనిఖీ మామూలుగా లేదన్న మాట. కింద క్లినిక్ నడిపే పళ్ళ డాక్టరు వాళ్ళకు ఇరవై ఏళ్ళ స్నేహితుడు. పాపం ఆయనను ఆదుకోకపోతే ఎలా? లోపలికి వెళ్ళి గుసగుసగా ఫోను చేసింది. "డాక్టరుగారూ, తెల్లరుమాలు బయల్దేరాడు. ఈసారి చేపల తొట్టెల మీద పడ్డాడు. మాది చూసి ఏడ్చేశాడండీ!"

లాండ్రీ ఆయన లేచి, ఆశ చావక, కిందికి దిగాడు. క్లినిక్ ముందుగదిలో పెద్ద తొట్టె ఉంది. పేషెంట్లు డ్రిల్లు చప్పుడు మరిచిపోవడానికని డాక్టరు పెట్టించాడది. ఆదివారం ఉదయం పూట క్లినిక్ తెరిచే ఉంటుంది. బెంచీ మీద బుగ్గ వాచిన పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు.

"డాక్టరుగారూ, నేనొచ్చింది..."

"తెలుసు, తెలుసు," అన్నాడు డాక్టరు చిరునవ్వుతో. "ఒక్క రెండు నిమిషాలు. మిషన్లో ఉంది."

"ఏ మిషన్?"

డాక్టరు గర్వంగా లోపలిగదిలో కుక్కరులాంటి యంత్రాన్ని చూపించాడు. పళ్ళు పీకే పనిముట్లను ఆవిరిలో పెట్టి సూక్ష్మజీవుల్ని చంపే యంత్రమది. "నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పావుగంట. మీ వేడినీళ్ళకైనా కొన్ని బతుకుతాయేమో కానీ, దీంట్లోంచి ఒక్క సూక్ష్మజీవి ప్రాణాలతో బయటపడితే నా డిగ్రీ వెనక్కిచ్చేస్తాను."

యంత్రం కూత పెట్టింది. ఆ కూత తన ప్రాణానికే పెట్టినట్టనిపించింది లాండ్రీ ఆయనకు.

"ఎందుకు చేశారండీ ఈ పని?" అన్నాడు.

"మీ కోసమే!" అన్నాడు డాక్టరు. అనేసి, అవతలివాడి కళ్ళలో నీళ్ళు చూసి, "అంత మాత్రానికే చలించిపోకండి," అని భుజం తట్టాడు. బుగ్గ వాచిన పెద్దాయన ఇదంతా చూసి, పన్ను పీకితే మగవాళ్ళు కూడా ఏడుస్తారని నిర్ధారించుకుని, మెల్లిగా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వీధంతా వాకబు చేసినా లాభం లేకపోయింది. మధ్యాహ్నం మూడు దాటింది. లాండ్రీ ఆయన మూడో అంతస్తు ఎక్కి వచ్చేసరికి భార్య తొట్టె ముందు చతికిలబడి కూర్చుంది.

"దొరికిందా?"

"ఎక్కడికెళ్ళినా నాకంటే ముందు శుభ్రత వెళ్తోంది," అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది కానీ, పెద్దమ్మాయి వంక చూసి ఆపుకుంది. "ఇంకొక్క తొట్టె ఉంది," అంది, ఎదురు తలుపు వైపు గడ్డం ఎగరేసి.

ఎదురింట్లో సంగీతం టీచరమ్మ ఉంటుంది. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటుంది, ఎవరికీ జడవదు. రెండేళ్ళ కిందట మెట్ల దగ్గర ఆవిడ పెట్టుకున్న పూలకుండీలు 'ధూళికి నిలయం' అని లాండ్రీ ఆయన నోటీసు అంటించి తీయించాడు. ఆనాటినుంచి ఆవిడకూ ఆయనకూ మాటల్లేవు. ఎదురుపడితే ఆవిడ గోడవైపు తిరిగి రాగం తీసేది.

"నువ్వు అడుగు," అన్నాడు.

"కడిగింది ఎవరు?" అంది భార్య.

బెల్లు కొట్టాడు. తలుపు నాలుగంగుళాలు తెరుచుకుంది. ఆ సందులోంచి కళ్ళద్దాలు, కళ్ళద్దాల వెనక చల్లని చూపు.

"రండి, సెక్రటరీగారూ. మీ గురించి టైలరు భార్య పొద్దున్నే ఫోను చేసింది. తొట్టె కడుక్కోమని సలహా ఇచ్చింది. నేను కడగలేదు. మా స్పాంజిని పంపుకింద పెట్టి ఎనిమిది నెలలైంది. రాసుకోండి. నోటీసు అంటించుకోండి."

"ఎనిమిది నెలలా!" లాండ్రీ ఆయన మొహం మతాబులా వెలిగింది. "అమ్మా, ఒక్కసారి చూపించండి. మీకు పుణ్యముంటుంది!"

ఆవిడ ఇది వెటకారమనుకుంది. "చూడండి, బాగా చూడండి," అంటూ తలుపు బార్లా తెరిచి, తొట్టె దగ్గరకు తీసుకెళ్ళి, ఫిల్టరు మూత ఎత్తింది. లోపల స్పాంజి నల్లగా, జిడ్డుగా, ఊబిలా ఉంది. లాండ్రీ ఆయన మోకాళ్ళ మీద కూర్చుని దానికేసి కన్నార్పకుండా చూశాడు.

"ఎంత బాగుందండీ," అన్నాడు.

టీచరమ్మ రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మంలో ఉన్న ఆయన భార్యను చూసి, "ఏమ్మా, వీరికి ఒంట్లో ఎలా ఉంది?" అంది.

ఆమె మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మరుగునీళ్ళు చెప్పింది, ఇస్త్రీపెట్టె చెప్పింది, కెటిల్ చెప్పింది, డాక్టరు ఆవిరియంత్రం దాకా చెప్పింది. టీచరమ్మ మొదట పెదవి బిగించింది, తర్వాత కళ్ళద్దాలు తీసింది, ఆఖరికి కుర్చీలో కూర్చుని చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని కదిలిపోయి నవ్వింది. "తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే నెలకోసారి కాస్త పిండుతాను నాయనా. పంపుకింద పెడితే చస్తాయని నాకు షాపావిడ చెప్పింది. మీకు చెప్పలేదూ?"

"నేనడగలేదండీ."

"అడిగే అలవాటు లేదులెండి మీకు," అంది కానీ, ఆ మాటలో పులుపు తగ్గింది. "సగం ఇస్తాను. రేపటికల్లా నా కుండీలు మెట్ల దగ్గరుండాలి."

"నేనే మోస్తానండీ."

ఈ లోపల తన భర్త కన్నీళ్ళకు అసలు కారణం టైలరుకూ డాక్టరుకూ తెలియాలని లాండ్రీ ఆయన భార్య వాళ్ళకు ఫోను చేసి చెప్పింది. అది ఇంకో చిక్కుకు దారితీసింది. తాము చేసిందేమిటో అర్థమయ్యాక వాళ్ళిద్దరూ చెరో గిన్నె పట్టుకుని పరుగున పైకి వచ్చారు.

"టీచరమ్మగారూ, మాకో ముక్క," అన్నాడు టైలరు.

"నాది అందరికంటే పెద్ద తొట్టె, నాకు పెద్దముక్క రావాలి," అన్నాడు డాక్టరు.

"నువ్వు నూట ఇరవై ఒకటిలో పెట్టినవాడివి, నీకసలు ఇవ్వకూడదు!" అన్నాడు టైలరు.

"మీరు రెండుసార్లు ఉడకబెట్టారు!"

"ముందడిగింది నేను," అన్నాడు లాండ్రీ ఆయన. "మా చేపలు మూలుగుతున్నాయి. మీవి ఇంకా ఆడుకుంటున్నాయి."

టైలరు జేబులోంచి కత్తెర తీశాడు. కొలత విషయంలో తనకు మించినవాడు లేడంటూ టేపుతో స్పాంజిని కొలవబోయాడు. డాక్టరు ఒక కొస పట్టుకున్నాడు. లాండ్రీ ఆయన రెండో కొస పట్టుకున్నాడు. నల్లటి నీళ్ళు ధారగా కారి, మడత నలగని ఆయన తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆయన గమనించలేదు. "లాగకండి, లాగకండి, పనివాళ్ళు పోతారు!" అని అరుస్తున్నాడు.

"ఏమిటిక్కడ?"

అందరూ తలలు తిప్పారు. గుమ్మంలో స్టేషన్ మాస్టరు నిలబడి ఉన్నారు. గోడ గడియారంలో నాలుగు. నాలుగంటే నాలుగే.

భార్య ఏదో సర్దిచెప్పడానికి నోరు తెరిచింది. పన్నెండేళ్ళుగా మావా అల్లుళ్ళ మధ్య మాటలు మోసే పని ఆమెదే. కానీ ఆమె మొదలెట్టేలోపలే లాండ్రీ ఆయన స్పాంజి కొస వదిలి ముందుకొచ్చాడు.

"మావయ్యగారూ, స్పాంజి కడిగాను."

"దేంతో?"

"మరుగునీళ్ళతో."

"సబ్బు?"

"రెండు చెంచాలు."

"హీటరు?"

"ఇస్త్రీపెట్టె పెట్టానండీ, ఆ ప్లగ్గులో."

స్టేషన్ మాస్టరు కళ్ళు మూసుకుని తెరిచారు. "రెండు రోజుల్నుంచి ఇరవై ఆరంటున్నారే?"

"అలవాటు మీద అన్నానండీ. ఇవాళ పెద్దమ్మాయి తిరుగుతోందని మాత్రం చూసే అబద్ధం చెప్పాను." నల్లబడిన చేతులు కట్టుకుని, "మిమ్మల్ని మెప్పిద్దామనుకున్నాను," అన్నాడు.

పెద్దాయన ఆ చొక్కా మీది నల్లటి మరకల్ని చాలాసేపు చూశారు. అల్లుడి ఒంటి మీద మరక చూడటం ఆయనకు అదే మొదటిసారి. తన చొక్కా చేతులు పైకి మడిచారు.

ఆ తర్వాత పదిహేను నిమిషాల్లో ఆ అంతస్తు రైల్వే ప్లాట్‌ఫారం అయిపోయింది. స్పాంజి ఎంత కొయ్యాలో ఆయన వేలితో గీత గీసి చూపించారు. టైలరు కోశాడు. డాక్టరును తడిగుడ్డ తెమ్మన్నారు, టీచరమ్మను ఆవిడ తొట్టెలోని నీళ్ళు ఒక చెంబెడు అడిగారు. ముక్కలు ఆరిపోకుండా ఆ నీళ్ళలోనే ఉంచి ఎవరిది వాళ్ళకు పంచారు. ఎవరిదైనా రోజూ నీళ్ళ వేడి చూడాలనీ, అంకె రాసిపెట్టాలనీ గట్టిగా చెప్పారు. చివరికి కూతురింట్లోకి వచ్చి, అల్లుడితో పాటు తన తొట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "ఇలా పట్టుకో. గట్టిగా కాదు. పసిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకో," అన్నారు.

పన్నెండేళ్ళుగా 'మీరు' అంటూ దూరం పెట్టిన మనిషి 'పట్టుకో' అన్నాడని వంటింటి గుమ్మంలో నిలబడిన భార్య గమనించింది. మొగుడు గమనించాడో లేదో తెలియలేదు. ఆయన ఊపిరి బిగబట్టి నల్లటి ముక్కను ఫిల్టరులోకి దించుతున్నాడు.

ఆరు గంటలకు థర్మామీటరు ఇరవై ఆరు దగ్గర నిలకడగా ఆగింది. నీళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి. అయినా పెద్దమ్మాయి రెక్కలు విప్పుకుని, ఒకసారి ఒరిగి, సర్దుకుని, మెల్లిగా కిందికి దిగింది. మిగిలిన ఎనిమిదీ ఆమె వెనక వరస కట్టాయి. లాండ్రీ ఆయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని మొహానికి కూడా మరక చేసుకున్నాడు.

"గండం గడిచినట్టేనా నాన్నా?" అంది భార్య.

"గడిచింది. పెద్దమ్మాయి గట్టిది," అన్నారు స్టేషన్ మాస్టరు. తర్వాత కిటికీలోంచి తొంగి, కింద ఎదురుచూస్తున్న బండివాడికి చెయ్యి ఊపి, వెళ్ళిపొమ్మన్నారు.

లాండ్రీ ఆయన ఉలిక్కిపడ్డాడు. "అదేమిటండీ, తొట్టె?"

"ఈ స్థితిలో కదిపితే ఉన్న నలుగురు పనివాళ్ళూ చెదిరిపోతారు. వాళ్ళు కుదురుకుని, పిల్లాపాపల్తో నిండాలి. ఆరు వారాలు పడుతుంది. అందాకా తొట్టె ఇక్కడే."

"ఆరు వారాలేమిటి, ఆరు నెలలైనా ఉంచండి మావయ్యగారూ! ఈసారి కంటికి రెప్పలా చూసుకుంటాను. రోజూ రెండుపూటలా ఫోను చేసి..."

"ఫోనెందుకు? నేనే ఉంటాను," అన్నారు మావగారు. "మీవాళ్ళంతా నన్నడుగుతున్నారు కూడా, కింద రెండు తొట్టెలు చూసిపెట్టమని. అమ్మాయ్, ఆ చివరి గదిలో నాకు మంచం వేయించు."

ఆమె సంతోషంగా దుప్పట్లు తీయడానికి వెళ్ళింది. మావగారు వాచీ విప్పి తొట్టె పక్కన పెట్టుకుని కుర్చీ లాక్కున్నారు. లాండ్రీ ఆయన కాసేపు అక్కడే నిలబడి, థర్మామీటరును ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూసి, ఎంతో వినయంగా అడిగాడు.

"మావయ్యగారూ, వెచ్చగా ఉంటే పనివాళ్ళు చకచకా పనిచేస్తారట కదా, త్వరగా నిండేట్టు ఇంకో రెండు డిగ్రీలు పెంచమంటారా?"